గాలి డింగీకి చక్రాలు: పొడి ఇసుకలో ఏవి పనికొస్తాయి

డింగీ అంటే గాలి నింపి వాడే చిన్న పడవ. దాన్ని ఇసుక మీద లాగడానికి చక్రాలు కొనేవాళ్లు ముందు చూసేది పెట్టె మీద రాసిన బరువు. 150 కిలోలు మోస్తుందని ఉంటే చాలనుకుంటారు. విరగకుండా ఎంత మోస్తుందో ఆ అంకె చెబుతుంది. ఇసుకలో దిగబడకుండా ఎంత మోస్తుందో మాత్రం చెప్పదు. ఋషికొండలో అయినా సూర్యలంకలో అయినా రోడ్డు దిగిన చోటి నుంచి తడి ఇసుక దాకా ఉన్న ఆ మెత్తటి మేరలోనే చక్రం సత్తా తేలిపోతుంది. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద ఏ చక్రమైనా నడుస్తుంది.

ముందు లెక్క చూద్దాం. అల్యూమినియం అడుగుభాగం ఉన్న 2.9 మీటర్ల డింగీ 45 కిలోలు, 6 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు 26, నిండుగా ఉన్న 12 లీటర్ల పెట్రోలు ట్యాంకు 11, లంగరు, తెడ్లు, లైఫ్ జాకెట్లు కలిపి ఇంకో 10. మొత్తం 92. ముందు కొస ఎత్తి పట్టిన మనిషి చేతుల్లోకి 20 కిలోల దాకా వస్తుంది. మిగతాదంతా వెనకే, అంటే ఒక్కో చక్రం మీద 36 కిలోలు. టైరులో 30 పీఎస్ఐ గాలి ఉంటే ఆ 36 కిలోలు ఇసుకను తాకేది దాదాపు 17 చదరపు సెంటీమీటర్ల మేర, అంటే ఒక అగ్గిపెట్టె అంత. అదే 3 పీఎస్ఐ మెత్తటి టైరైతే 170 చదరపు సెంటీమీటర్లు, వేళ్లు చాపిన చేయంత. తేడా అంతా ఇక్కడే ఉంది.

గట్టి ప్లాస్టిక్ చక్రాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిమెంటు ర్యాంపు ఉన్నచోట బాగుంటాయి, పంక్చరు బెడద లేదు. పొడి ఇసుకలో మాత్రం పది అడుగులు వేయకముందే దిగబడతాయి.

రెండో రకం ట్రాన్సమ్‌కు, అంటే మోటారు తగిలించే వెనక పలకకు, బోల్టులతో బిగించి పైకి మడిచే కాళ్లు. వీటికి సాధారణంగా 10 అంగుళాల ట్రాలీ టైర్లు వస్తాయి. వీటి సౌకర్యం పెద్దది. చక్రాలు ఎప్పుడూ పడవతోనే ఉంటాయి, మోకాలి లోతు నీళ్లలో పిన్ను లాగి కిందికి దించితే చాలు. దోషం టైరు వెడల్పులో ఉంది. 8 సెంటీమీటర్ల టైరు ముందు ఇసుక కుప్పగా లేస్తుంది. దాని మీదికి ఎక్కలేక చక్రం తిరగడం మానేస్తుంది, అక్కడి నుంచి నాగలి కర్రులా ఇసుకను కోసుకుంటూ పోతుంది. గాలి 8–10 పీఎస్ఐకి తగ్గిస్తే కొంత నయం. అంతకన్నా తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి, లోపలి ట్యూబు వాల్వు మొదట్లో తెగుతుంది.

మూడోది బెలూన్ చక్రాలు. వీలీజ్ లాంటి కంపెనీలవి పాలీయురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో చేసినవి, 2 నుంచి 4 పీఎస్ఐ గాలితో నడుస్తాయి. 30, 42, 49 సెంటీమీటర్ల వ్యాసాల్లో దొరుకుతాయి. పైన చెప్పిన 92 కిలోల పడవకు మా ఓటు 42కే. 30 సెంటీమీటర్లది చిన్న కయాక్‌కు సరిపోతుంది, మోటారున్న డింగీకి చాలదు. మోటారు పెద్దదై మొత్తం 120 కిలోలు దాటితే 49కి వెళ్లాలి, లాగడానికి ఇద్దరు ఉండాలి.

బెలూన్ చక్రాలతో చిక్కు నీళ్లలో వస్తుంది. 42 సెంటీమీటర్ల చక్రం లోపల సుమారు 20 లీటర్ల గాలి ఉంటుంది, కాబట్టి ఒక్కోదాన్ని ముంచడానికి 20 కిలోల దరిదాపు బలం కావాలి. తేలుతున్న పడవ కిందికి ఇరుసుతో సహా తోయబోతే జత ఎగిరి మోకాళ్లకు తగులుతుంది. అందుకే ఒడ్డుకు వచ్చాక పడవ ముందు కొస ఇసుక మీద ఆనించి, ఒకరు వెనక భాగం ఎత్తగా, రెండోవారు పక్క నుంచి ఇరుసు జొనపాలి. అలలు విరిగే చోట ఈ పని చేయకండి. పడవ అడ్డం తిరిగితే చక్రాల సంగతి అటుంచి కాలే దాని కింద పడుతుంది.

గాలి కొట్టేటప్పుడు పెట్రోలు బంకు కంప్రెసర్ జోలికి వెళ్లొద్దు, క్షణాల్లో పగిలిపోతుంది. డింగీతో వచ్చే కాలి పంపు చాలు. కారు టైర్ల గేజి ఇంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటరు లోపలికి పోవాలి. పొద్దున 25 డిగ్రీల్లో 3 పీఎస్ఐ కొట్టి ఎండలో వదిలేస్తే, లోపలి గాలి 55 డిగ్రీలకు చేరేసరికి అది 4.8 అవుతుంది. మన తీరంలో వేసవిలో 2తో మొదలుపెట్టి, ఆగినప్పుడల్లా పైన తడి గోనెసంచి కప్పడం మేలు.

మడత కాళ్లే కావాలనుకుంటే బిగింపులో జాగ్రత్త. డింగీ పక్కల గాలి గొట్టాల్లో పూర్తి ఒత్తిడి, మామూలుగా 250 మిల్లీబార్లు, నింపాకే రంధ్రాలకు గుర్తు పెట్టండి. మెత్తగా ఉన్నప్పుడు పెడితే, తర్వాత ఉబ్బిన గొట్టం టైరుకు రాసుకుని అరిగిపోతుంది. మోటారును అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడండి, కాళ్లు దానికీ, నీళ్లు వదిలే బిరడాకూ అడ్డు రాకూడదు. దించినప్పుడు టైరు అడుగు, పడవ అడుగు కన్నా కనీసం 12 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. మడిచినప్పుడు నీటిమట్టానికి పైన ఉండాలి. కాలికి నాలుగు 8 మిల్లీమీటర్ల 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, లోపలి వైపు వెడల్పాటి పట్టీ, నైలాక్ (అదురుకు వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉన్న) నట్లు వేయండి. రంధ్రం గోడలకు మెరైన్ సీలెంట్ పూయకపోతే ప్లైవుడ్ నీళ్లు పీల్చి లోపలే కుళ్లుతుంది, పైకి రంగు బాగానే కనిపిస్తుంది. అల్యూమినియం కాలికి, స్టీలు బోల్టుకు మధ్య నైలాన్ వాషరు తప్పనిసరి. లేకపోతే ఉప్పునీళ్లకు అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది.

ఇరుసు దగ్గర బాల్ బేరింగు ఉంటే గొప్ప అనుకోకండి. ఉప్పు, ఇసుక చేరాక తుప్పు పట్టి బిగుసుకుంటుంది. స్టీలు ఇరుసు మీద నైలాన్ బుష్షు ఉన్నది కొనండి, వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి.

లాగేటప్పుడు ఎప్పుడూ ముందు కొస పట్టుకుని లాగాలి, నెట్టకూడదు. నెడితే చక్రం ఇసుకలోకి తవ్వుకుంటుంది. భుజం మీదుగా 3 మీటర్ల తాడు వేస్తే లాగే బలం కాస్త పైకి పోయి, ముందు భాగం తేలికవుతుంది. పెట్రోలు ట్యాంకు, లంగరు విడిగా మోసుకెళ్తే 15 కిలోలు తగ్గుతాయి. విశాఖ దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది. పోటు మీదున్నప్పుడు దించితే పొడి ఇసుక దాటగానే నీళ్లు వస్తాయి. తిరిగి వచ్చేది పాటులోనైతే తడి ఇసుక మేర ఎక్కువ ఉంటుంది, దాని మీద చక్రాలు సులువుగా నడుస్తాయి. పొడి ఇసుక మొదలయ్యే చోట ఒక్క నిమిషం ఆగి, చక్రాలకు అంటిన తడి ఇసుక దులిపి, పిన్నులు చూసుకుని ఎక్కించండి. పిన్నుకు చిన్న తాడు కట్టి ఉంచండి, ఇసుకలో పడితే దొరకదు.