మహిళల టీమ్‌లో ఎవరు ఆడొచ్చు? ఆధార్, డాక్టర్ పరీక్ష, సొంత మాట: మన గ్రౌండ్లకు ఏది మేలు?

సంక్రాంతి టోర్నమెంట్ల ఫారాలు బయటికి వస్తే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. కాజీపేట నుంచి, పరకాల నుంచి, ఒక్కోసారి జనగామ నుంచి. అందరూ అడిగేది ఒకటే: "మేడం, మా లేడీస్ టీమ్‌ల ఒక ట్రాన్స్ అమ్మాయి ఆడతా అంటున్నది. పేరు రాసుకోవాల్నా, వద్దా? రూలేంది?" ట్రాన్స్ అమ్మాయి అంటే, పుట్టినప్పుడు మగపిల్లాడని రాసినా ఆడమనిషిగా బతికే మనిషి. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేది సగమే అర్థమవుతున్నది. ఈ ఏడాది హనుమకొండలో మా ఆదివారం వాలీబాల్ లీగ్‌కు మేమే నియమం రాసుకోవాల్సి వచ్చింది కాబట్టి, ఆ ఆలోచన అంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందే ఒక మాట. నేను మాట్లాడుతున్నది ఒలింపిక్స్ గురించి కాదు. పొద్దంతా షాపులోనో స్కూల్లోనో పని చేసి, సాయంత్రం నెట్ కట్టుకుని ఆడుకునేవాళ్ల గురించి. మా దగ్గర గెలిస్తే ఒక షీల్డు, తలా ఒక టీషర్టు.

చాలామంది మొదట చెప్పేది ఆధార్. కార్డులో స్త్రీ అని ఉంటే మహిళల టీమ్, పురుషుడు అని ఉంటే పురుషుల టీమ్. నిమిషంలో తేలిపోతుంది, ఎవరితో వాదన లేదు. నేనూ ఐదేళ్లు ఇదే పాటించాను. చిక్కు ఎక్కడంటే, ఆధార్‌లో ట్రాన్స్‌జెండర్ అనే మూడో గడి కూడా ఉంది. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు మూడో జెండర్‌ను గుర్తించింది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వచ్చింది, జిల్లా కలెక్టర్ గుర్తింపు పత్రం ఇచ్చే పద్ధతి దాంట్లోదే. కార్డు మీద ట్రాన్స్‌జెండర్ అని ఉన్న మనిషి టేబుల్ ముందు నిలబడితే ఏ టీమ్‌లో రాయాలో ఆ కార్డు చెప్పదు. అప్పుడు "పుట్టినప్పుడు ఏం రాశారో అదే" అనాలి. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఆ దారే పట్టారు. సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అనే అని 2025 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, మే నెలలో క్రికెట్ బోర్డు, జూన్ 1 నుంచి ఫుట్‌బాల్ సంఘం, గల్లీ స్థాయి మహిళల ఆటలో కూడా ట్రాన్స్ మహిళలను ఆపేశాయి. అప్పటికి ఇంగ్లండ్ అమెచ్యూర్ ఫుట్‌బాల్‌లో పేరు రాయించుకున్న ట్రాన్స్ మహిళలు ముప్పై మంది కూడా లేరు.

ఆ నియమం కోరేవాళ్లను నేను చెడ్డవాళ్లు అనను. వాళ్ల భయంలో నిజం ఉంది. వాలీబాల్ ఆడినవాళ్లకు తెలుసు, పురుషుల నెట్ 2.43 మీటర్లు, మహిళలది 2.24. ఆ 19 సెంటీమీటర్లు ఊరికే పెట్టలేదు. మగపిల్లలకు ఈడు వచ్చాక టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ వల్ల ఎత్తు, ఎముక, కండ అన్నీ మారతాయి. పరుగులో మగవాళ్లకూ ఆడవాళ్లకూ పది శాతానికి పైనే తేడా ఉంటుంది. ట్రాన్స్ మహిళలు ఆ టెస్టోస్టిరాన్‌ను తగ్గించే హార్మోన్ మందులు వాడితే రక్తంలో హిమోగ్లోబిన్ నాలుగు నెలల్లోనే ఆడవాళ్ల స్థాయికి దిగుతుంది కానీ, కండబలం అంత తొందరగా తగ్గదు. ఏడాది గడిచినా కొంతే తగ్గుతుంది. ఎత్తు ఎలాగూ తగ్గదు. ఆడపిల్లలకు గ్రౌండ్ దొరకడమే కష్టమైన చోట, ఉన్న ఒక్క చోటు కూడా పోతుందేమో అని ఒక తల్లి అడిగితే ఆ తల్లికి జవాబు చెప్పాల్సిందే.

రెండో దారి డాక్టర్ పరీక్ష. వినడానికి అన్నిటికన్నా న్యాయంగా ఉంటుంది: లెక్క చూసి చెప్తారు కదా అని. కానీ ఆ లెక్క ఎన్నిసార్లు మారిందో చూడండి. 2015లో ఒలింపిక్ కమిటీ టెస్టోస్టిరాన్ లీటరుకు 10 నానోమోల్స్ లోపు ఉండాలంది. 2019లో ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 5 అంది. 2023 మార్చిలో అదే సంఘం, మగ ఈడు దాటినవాళ్లకు మహిళల విభాగంలో చోటే లేదంది. 2025 సెప్టెంబర్ నుంచి ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో మహిళల విభాగంలో దిగేవాళ్లంతా ఎస్‌ఆర్‌వై (మగ లక్షణాలకు మూలమైన జన్యువు) పరీక్ష చేయించుకోవాలంది. ల్యాబులు, లాయర్లు, కోట్ల డబ్బు ఉన్నవాళ్లకే పదేళ్లలో ఇన్ని మలుపులు. ఎంట్రీ ఫీజుతో బంతులు కొనుక్కునే మా లీగ్ ఎవరికి రక్తపరీక్ష చేయిస్తుంది? ఆ కాగితం ఎవరి బీరువాలో ఉంటుంది? ఊళ్లో ఎంతమందికి తెలుస్తుంది?

పరీక్ష దెబ్బ ఎవరికి తగిలిందో కూడా గుర్తు చేసుకోవాలి. తమిళనాడు నుంచి వచ్చిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో రజతం గెలిస్తే, పరీక్ష పేరుతో ఆ పతకం వెనక్కి తీసుకున్నారు. ఒడిశా బిడ్డ, హైదరాబాద్‌లో శిక్షణ తీసుకున్న ద్యుతీ చంద్‌ను టెస్టోస్టిరాన్ ఎక్కువ ఉందని 2014లో కామన్వెల్త్ క్రీడల ముందు పక్కన పెట్టారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లి 2015 జూలైలో ఆ నియమాన్ని ఆపించింది. 2018 జకార్తాలో రెండు రజతాలు తెచ్చింది. ఈ ఇద్దరూ ట్రాన్స్ మహిళలు కారు. ఆడపిల్లలుగా పుట్టి, ఆడపిల్లలుగా పెరిగినవాళ్లే.

నా మటుకు తీర్పు ఇక్కడే తేలింది. నియమం ఎంత బాగుందనేది కాదు, దాన్ని టేబుల్ దగ్గర ఎవరు, ఎట్లా అమలు చేస్తారనేదే చూడాలి. రెండేళ్ల కింద ఒక కాలనీల టోర్నమెంట్‌లో నా కళ్లతో చూశాను. కాజీపేట వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, గొంతు కొంచెం బొంగురు. మొదటి సెట్‌లో వరసగా నాలుగు స్మాష్‌లు పాయింట్లు తెచ్చాయి. ఎదుటి టీమ్ కోచ్ లేచి రెఫరీ దగ్గరికి వచ్చాడు. "సార్, గామె ఆడమనిషేనా? ఆధార్ చూడుండ్రి." ఆట ఆపారు. అమ్మాయి బ్యాగులోంచి కార్డు తీసి ఇచ్చింది. స్త్రీ అనే ఉంది. అంతటితో అయిపోవాలి. "కార్డుదేమున్నది సార్, లేడీ డాక్టర్‌ను పిలిపించుండ్రి" అన్నాడాయన. చుట్టూ రెండొందల మంది జనం. ఎవరో ఫోన్ తీసి వీడియో పట్టారు. నేను పోయి ఆ ఫోన్‌కు అడ్డం నిలబడేసరికి, ఆ పిల్ల కోర్టు పక్కన కూర్చుని మోకాళ్లకు కట్టుకున్న ప్యాడ్లు ఒక్కొక్కటే విప్పుతున్నది. ఏడవలేదు. రెండు ప్యాడ్లూ ఒకదాంట్లో ఒకటి మడిచి బ్యాగులో పెట్టుకుని, వాళ్ల అన్న బండెక్కి పోయింది. ఆ తర్వాత ఆమెను ఏ గ్రౌండ్‌లోనూ చూడలేదు.

ఆధార్ నియమమైనా పరీక్ష నియమమైనా మన గ్రౌండ్‌కు వచ్చేసరికి చివరికి అయ్యేది ఇదే. ల్యాబ్ ఉండదు కాబట్టి కళ్లే ల్యాబ్ అవుతాయి. పొడుగ్గా, బలంగా, జుట్టు తక్కువగా ఉన్న ప్రతి ఆడపిల్లా అనుమానితురాలే. ఆడపిల్లలను కాపాడాలని పెట్టిన నియమమే, మొదట వాళ్లలో బాగా ఆడేవాళ్లనే ఇంటికి పంపుతుంది.

అందుకే నేను మూడో దారి వైపు వచ్చాను, సొంత మాట. సీజన్ మొదట్లో ఆడే మనిషే ఏ టీమ్‌లో ఆడతారో రాసి సంతకం పెట్టాలి. సీజన్ మధ్యలో మారడం కుదరదు. ఫారం తీసుకునేవాళ్లు ఎదురు ప్రశ్న వేయకూడదు. "రేపు మగపిల్లలు నలుగురు చీర కట్టుకొచ్చి షీల్డు ఎత్తుకుపోతే?" అని అడుగుతారు. మా జిల్లాలో నేను పాతికేళ్లుగా ఆటల్లో ఉన్నాను, అట్లా వచ్చినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు. ఒక టీషర్టు కోసం ఊరంతా చూస్తుండగా ఆడదాన్నని సంతకం పెట్టి, సీజనంతా అదే పేరుతో తిరిగే మగవాడు ఎవరు?

నిరుడు ఒక ట్రాన్స్ మహిళ మాతో ఆడింది. మొదట ఫోన్ చేసి, "అక్కా, నాకు ఆడాలని ఉన్నది. నా పేరు ఎక్కడ రాయాలె?" అని అడిగింది. చిన్నప్పుడు స్కూల్ టీమ్‌లో మగపిల్లలతో ఆడిందట, పదేళ్లుగా బంతి ముట్టలేదు. మొదటి రెండు వారాలు ఆమె సర్వీసులు మావాళ్లకు అందలేదు. "చేతులు వాస్తున్నయి మేడం" అని ఇద్దరు నాతో అన్నారు, వాళ్లు అబద్ధమాడలేదు. నేను ఆమెను ఆపలేదు. రిసీవింగ్ ప్రాక్టీస్ పెంచాను. నెలన్నరకు ఆ సర్వీసులు తీయడం వచ్చింది. సీజన్ చివర్లో చూస్తే మా ముప్పై మందిలో ఆమె మంచి ఆటగత్తెల్లో ఒకరు, అందరికన్నా మేటి కాదు. మేటి షాట్ ఇప్పటికీ మా స్టాఫ్ నర్సుదే. ఒక్కరిని చూసి శాస్త్రం చెప్పలేను. కానీ నెట్ అవతల ఉండి ఆడే ఆటలో, మా స్థాయిలో, ఆ తేడాతో బతకొచ్చని మాత్రం నమ్మకంగా చెప్తాను. ఖోఖో కూడా నాకు అటువంటిదే.

కబడ్డీ దగ్గర నేను అంత ధీమాగా లేను. అక్కడ మనిషి మీద మనిషి పడతారు. రగ్బీ ప్రపంచ సంఘం 2020లో ట్రాన్స్ మహిళలను అంతర్జాతీయ మహిళల ఆటలో ఆపింది టాకిల్‌లో, అంటే ఎదుటి మనిషిని పట్టి పడేసేటప్పుడు, దెబ్బలు తగులుతాయనే కారణంతోనే. మా పక్క కబడ్డీ టీమ్ వాళ్లు అడిగితే నేను చెప్పింది ఇది: బరువు విభాగాలు గట్టిగా పాటించండి, అందరికీ. యాభై కిలోల పిల్ల మీద డెబ్బై అయిదు కిలోల ఆడమనిషి పడినా కాలర్ బోన్ విరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా సరే, మ్యాచ్‌కు ముందు మూడు నెలలు టీమ్‌తో ప్రాక్టీస్ చేయాలి. పట్టు ఎంత బిగించాలో అప్పుడు వాళ్లకూ తెలుస్తుంది, మిగతావాళ్లకూ తెలుస్తుంది. ఒకే బరువులో కూడా మగ ఈడు దాటిన ఒంటికి బలం ఎక్కువ ఉండొచ్చన్నది నిజమే. అందుకే కబడ్డీలో ఈ నియమం ప్రతి సీజన్ తర్వాత ఆడేవాళ్లంతా కూర్చుని మళ్లీ చూసుకోవాలి.

నాన్-బైనరీ పిల్లల సంగతి మా దగ్గర ఇంకా తేలిగ్గా తేలింది. డిగ్రీ చదివే ఒకరు, "నేను అమ్మాయినీ కాదు, అబ్బాయినీ కాదు మేడం, కానీ స్కూల్ నుంచి ఈ టీమ్‌తోనే ఆడుతున్న" అన్నారు. టీమ్ అదే, ఆట అదే. మారింది మైకులో మా మాట. తెలుగులో ఒక మనిషిని "కొట్టాడు" అనాలి, లేకపోతే "కొట్టింది" అనాలి. కామెంటరీ చెప్పే మా సార్ రెండు రోజులు తడబడి, తర్వాత అందరికీ ఒకే పద్ధతి పెట్టుకున్నారు: "ఏడో నంబర్ సర్వీస్ చేస్తున్నారు, మూడో నంబర్ లేపారు." ఇంతకుముందు టీచర్లకూ పెద్దవాళ్లకూ మాత్రమే దక్కే 'అన్నారు, కొట్టారు' ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలకూ దక్కుతున్నది. పిల్లలకు అది బాగా నచ్చింది.

నాలుగో దారి వేరే టీమ్, వేరే టోర్నమెంట్. 2017లో కేరళ తిరువనంతపురంలో ట్రాన్స్‌జెండర్ల క్రీడాపోటీలు పెట్టింది. 2020లో మణిపూర్‌లో ట్రాన్స్ పురుషుల ఫుట్‌బాల్ టీమ్ ఒకటి మొదలైంది. వాళ్లంతట వాళ్లు కోరుకుని పెట్టుకుంటే పండుగే, నేనే నెట్ కట్టి ఇస్తాను. మహిళల టీమ్‌లో చోటు ఇవ్వకుండా, దానికి బదులుగా చూపిస్తే మాత్రం అది ఉత్త మాట. 2023 అక్టోబర్‌లో బెర్లిన్ ఈత పోటీల్లో ప్రత్యేకంగా ఓపెన్ విభాగం తెరిస్తే ఒక్క ఎంట్రీ కూడా రాలేదు. ఈతకు ఒక్క మనిషి చాలు. వాలీబాల్ మ్యాచ్ పడాలంటే ఇటు ఆరుగురు, అటు ఆరుగురు కావాలి. హనుమకొండలో ఆడతానని నన్ను అడిగింది ఒక్కరు. ఐనవోలు మల్లన్న జాతరలో దేవుడు పూనే శివసత్తుల ముందు మనం బోనం దించి దండం పెడతాం, వాళ్లలో ట్రాన్స్ మనుషులూ ఉంటారు. అదే సంక్రాంతి వారంలో మన గ్రౌండ్‌లో ఆ మనిషిని ఇంకో పదకొండు మందిని వెతుక్కొని రమ్మంటామా?

ఆడ మగ కలిసి ఆడే మిక్స్‌డ్ టీమ్ సరదా మ్యాచ్‌లకు బాగుంటుంది. లీగ్‌గా పెడితే మా దగ్గర చాలా ఇళ్లలో ఆడపిల్లలను పంపరు. ట్రాన్స్ పురుషులు పురుషుల టీమ్‌లో ఆడటానికి నా దగ్గర ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లు మాత్రం, టెస్టోస్టిరాన్ డోపింగ్ జాబితాలో ఉందని గుర్తుంచుకుని ముందే అనుమతి తీసుకోవాలి.

మీ టోర్నమెంట్ నుంచి జిల్లా జట్టును ఎంపిక చేస్తుంటే, స్పోర్ట్స్ కోటాకు పనికొచ్చే సర్టిఫికెట్ ఇస్తుంటే, అప్పుడు మీ ఇష్టం నడవదు. పైసంఘం నియమమే నడుస్తుంది. ఆ సంగతి ఫారం మీదే పెద్ద అక్షరాలతో రాయండి. మనిషి షూస్ కట్టుకున్నాక చెప్పొద్దు.

మా ఫారంలో ఇప్పుడు ఉన్నవి మూడు లైన్లు. "ఈ సీజన్‌లో నేను ఈ టీమ్‌లో ఆడతాను" అనే మాట, దాని కింద సంతకం. దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్. మూడోది అందరికన్నా ముందు కోచ్‌లకు చదివి వినిపిస్తాం: ఒక ప్లేయర్ ఆడా మగా అన్న అభ్యంతరం ఉంటే మ్యాచ్ అయ్యాక కమిటీకి కాగితం మీద రాసి ఇవ్వాలి, కోర్టులో నోటితో అడిగితే రెడ్ కార్డు, ఎదుటి టీమ్‌కు ఒక పాయింటు, సర్వీసు.