కెంపురంగు అద్దాల బైనాక్యులర్ కొనకండి: బెజవాడ, గుంటూరు చరతార పరిశీలకులకు జాగ్రత్త

బెజవాడలో ఒక దుకాణం “10×50, నక్షత్రాలకు బ్రహ్మాండం” అంటూ అంటగడుతున్న బైనాక్యులర్ జోలికి పోకండి (10×50 అంటే పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 50 మి.మీ.). ముందు అద్దాలు కెంపులా మెరుస్తుంటాయి. ఖరీదైన సరుకనిపిస్తుంది, అదే ఎర.

ఆ పూత ఎరుపు వెలుగును వెనక్కి కొట్టేస్తుంది. తెల్లగోడ కూడా నీలిపచ్చగా కనబడుతుంది. పిట్టల్ని చూసేవాళ్లకు అది చిరాకు, అంతే. చరతారలవాళ్లకు, అంటే వెలుగు మారుతూ ఉండే తారల్ని వెలుగు మారని తారలతో పోల్చి కొలిచేవాళ్లకు, కొంప మునిగినట్టే. మీరా, కుందేలు మండలంలోని ఆర్ లెపోరిస్ లాంటివి ఎర్ర తారలు. పోలికకు వాడేవి అంత ఎర్రనివి కావు. కాబట్టి మన తార వెలుగే ఎక్కువ తెగి, ఉన్నదానికంటే మసగ్గా తోస్తుంది. పటంలో 59, 65 అని రాసిన రెండు తారలు తీసుకోండి (అంటే 5.9, 6.5 మాగ్నిట్యూడ్; ఇది తార వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ తార మసక. చుక్క పెడితే అదీ నక్షత్రమనుకుంటారని చరతార పరిశీలకుల అమెరికా సంఘం ఏఏవీఎస్ఓ పటాల్లో దశాంశం పెట్టరు). చరతార వెలుగు 59 నుంచి 65 వైపు మూడో వంతు దిగితే 6.1 రాయాలి. ఈ అద్దాల్లో అది సగానికి జారితే 6.2 రాస్తారు. రోజూ అటే జారుతుంది గనక, మీ లెక్కలు మాత్రమే చూసుకుంటే ఎన్నటికీ పట్టుబడదు.

రెండో మోసం గొట్టం లోపల. కన్ను పెట్టేవైపు జానెడు దూరంలో టార్చి పట్టి, ముందు అద్దానికి దగ్గరగా ఉంచిన కాగితం మీద పడే వలయాన్ని స్కేలుతో కొలవండి. 50 మి.మీ.కి బదులు 35 వచ్చిందా, లోపల ఇరుకు రింగు బిగించారన్నమాట. సగం వెలుగు పోయింది, దాదాపు 0.8 మాగ్నిట్యూడ్. మన ఊరి దీపాల్లో 6వ మాగ్నిట్యూడ్ తార ఉత్త కంటికి అందకే కదా ఇది కొనేది!

టార్చి లేకపోతే పగటి ఆకాశం వైపు (సూర్యుడి వైపు మాత్రం వద్దు) తిప్పి, చేయి చాచి పట్టుకోండి. కన్ను పెట్టేచోట కనిపించే వెలుగు బిళ్ల 10×50కి 5 మి.మీ. ఉండాలి, గుండ్రంగా. అంచులు బూడిదగా, పలకలుగా ఉంటే లోపలి పట్టకాలు నాసిరకం. దూరంగా ఉన్న సెల్ టవరు రెండుగా కనబడితే ఇక మాట్లాడేదే లేదు, తిరిగిచ్చేయండి.

పూత లేతగా నీలమో ఆకుపచ్చో మెరిసే 7×50 గానీ 10×50 గానీ చాలు. జూమ్ వద్దు. ఆర్ద్ర (బీటెల్‌జ్యూస్ అనే ఎర్ర చరతార) కైతే బైనాక్యులరే అక్కర్లేదు, 2020 ఫిబ్రవరిలో అది 1.6 దాకా పడిపోయింది కూడా ఉత్త కళ్లకే తెలిసింది.

డబ్బు కట్టే ముందు బిల్లు మీద మోడలు పేరు, వాపసు గడువు రాయించుకోండి. రాయనంటే ఆ కౌంటరు దగ్గరే వదిలేసి రండి.