నాలుగేళ్లు రెండు ఓటీటీ యాప్‌లు వాడాక

నాలుగేళ్లుగా రెండు ఓటీటీ యాప్‌లకు డబ్బు కడుతున్నా. పేర్లు వద్దులెండి, తిట్లు రెండిటికీ సమానమే. కొత్త తెలుగు సినిమాల కోసం తీసుకున్నా గానీ ఇప్పుడు రెన్యూ చేసేది వేరే రకం కథల కోసం.

'మల్లేశం' (2019) సినిమాతో మొదలైంది. ఒక్క పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే (అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే) చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడించాలట, అమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీపట్టి ఆసు యంత్రం చేశాడు. ఇంట్లో బీరువా నిండా పోచంపల్లి చీరలున్నా నాకీ సంగతి తెలియదు, సిగ్గేసింది. తర్వాత 'కేరాఫ్ కంచరపాలెం' చూశా, అందులో నటించినవాళ్లు చాలామంది విశాఖలోని ఆ పేటవాళ్లే.

డాక్యుమెంటరీలంటే స్కూల్లో పాఠం లాంటివనుకునేవాణ్ణి. 'మై ఆక్టోపస్ టీచర్'లో దక్షిణాఫ్రికా తీరంలో ఒకాయన రోజూ నీళ్లలోకి దిగి ఒకే ఆక్టోపస్‌ని చూసొస్తుంటాడు, కథ అంతే, కానీ సొరచేప దాని చెయ్యి కొరికేసినప్పుడు పడ్డ టెన్షన్ నేను ఏ క్లైమాక్స్ ఫైట్‌కీ పడలేదు. (ఆ చెయ్యి మళ్లీ మొలిచింది, కంగారు పడకండి.)

ఇక కడుపు మండే విషయం. నేను వెతికిన డాక్యుమెంటరీల్లో చాలావాటికి తెలుగు డబ్బింగ్ సంగతి దేవుడెరుగు, సబ్‌టైటిల్స్ కూడా లేవు. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' చూసినప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, తమిళనాడులోని ముదుమలై అడవిలో బొమ్మన్, బెల్లి అనే జంట గున్న ఏనుగు రఘుని పెంచే కథంతా అమ్మకి పక్కన కూర్చుని చెప్పా. అది 40 నిమిషాలే కాబట్టి సరిపోయింది, గంటన్నర సినిమాకైతే గొంతు ఎండిపోతుంది.

హోమ్ పేజీ ఇంకో గోల. ఒక్క హత్యకేసు సిరీస్ చూసిన పాపానికి నెలంతా శవాలే చూపించింది. మల్లేశం లాంటిది కావాలంటే పేరు ముందే తెలిసుండాలి, అదీ ఇంగ్లీషు స్పెల్లింగ్ కరెక్టుగా కొట్టాలి. తీరిగ్గా చూద్దామని దాచుకున్నవి ఈలోపే మాయమవుతాయి, చెప్పనైనా చెప్పరు.

అందుకే ఏడాది ప్లాన్ మానేసి నెల ప్లాన్‌కి మారా. ఎవరైనా చెప్పిన పేర్లు చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా, నాలుగు పోగైతేనే ఆ నెల డబ్బు కట్టేది. ప్రస్తుతానికి మూడున్నాయి.