కొత్త గుర్రంతో మొదటి ఈవెంటింగ్ పోటీ: ఏ దారి మేలు?

గుర్రం రోజూ ఉండే చోట మీటరు ఎత్తు అవలీలగా దూకుతుంది. డ్రెస్సేజ్‌లో, అంటే రౌతు చెప్పినట్టు ఒద్దికగా కదిలే విద్యలో, 20 మీటర్ల వృత్తం చక్కగా తిరుగుతుంది. ట్రెయిలర్ ఎక్కమంటే ఎక్కుతుంది. ఇక పోటీకి పేరు ఇవ్వడమే తరువాయి అనిపిస్తుంది. ఆ తొందరే నన్ను భయపెడుతుంది. గుర్రానికి విద్య రావడం వేరు, కొత్త చోట వంద అలజడుల మధ్య ఆ విద్య గుర్తుండటం వేరు. అందుకే మొదటి పోటీకి సంబంధించిన ప్రతి నిర్ణయాన్నీ నేను ఒకే ప్రశ్నతో తూచి చూస్తాను: ఈ దారిన వెళ్తే, వచ్చే నెల మళ్లీ ట్రెయిలర్ తలుపు తీసినప్పుడు ఈ గుర్రం ముందుకు నడుస్తుందా, వెనక్కి తగ్గుతుందా? రిబ్బన్లు, మార్కులు ఆ తర్వాతి సంగతి.

ఈవెంటింగ్ మూలాలు సైనికాధికారుల గుర్రాలకు పెట్టిన పరీక్షల్లో ఉన్నాయి. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో దానికి మొదటిసారి చోటు దక్కింది. కవాతు మైదానంలో చెప్పిన మాట వినాలి, గుట్టలూ వాగులూ వచ్చినా వెనకాడకుండా దూసుకుపోవాలి, అంత శ్రమ పడ్డాక కూడా కాళ్లు జాగ్రత్తగా ఎత్తి దూకాలి. ఆ మూడింటి రూపాంతరాలే నేటి ఈవెంటింగ్‌లోని మూడు భాగాలు: డ్రెస్సేజ్, బయలులో కదలని అడ్డంకుల మీదుగా సాగే క్రాస్ కంట్రీ, తగిలితే పడిపోయే కర్రలను దూకే షో జంపింగ్. చిన్న స్థాయిలో ఈ మూడూ తరచు ఒకే రోజు జరుగుతాయి. పొద్దున ఒద్దిక చూపమన్న గుర్రాన్నే మధ్యాహ్నానికి తెగువ చూపమంటాం. అనుభవమున్న గుర్రానికి జీను మారగానే ఏ పని రాబోతోందో తెలిసిపోతుంది. కొత్తదానికి అదంతా ఒకటే గందరగోళం.

పోటీకి దింపడమా, ఊరికే చూపించి తీసుకురావడమా?

చూపించి తీసుకురావడం అంటే, నిర్వాహకుల అనుమతితో గుర్రాన్ని పోటీ మైదానానికి తీసుకెళ్లి, పోటీలో మాత్రం దింపకపోవడం. చేత్తో పట్టుకుని తిప్పుతాం, కాసేపు గడ్డి మేయనిస్తాం, అన్నీ కుదిరితే జీను వేసి వార్మప్ మైదానం అంచున నడిపిస్తాం, తిరిగి వచ్చేస్తాం. డబ్బు దండగ, ఒక రోజు దండగ అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలోనూ బలముంది. రౌతు గుండె దడ గుర్రానికి నేరుగా తెలుస్తుంది. ఊరికే వెళ్లిన రోజు ఆ దడే ఉండదు కాబట్టి అసలు పరీక్ష జరగలేదనే చెప్పాలి.

అయినా నేను చూపించి తీసుకురావడం వైపే ఉంటాను. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. నుదుటి ఎదురుగా కాస్తంత, తోక వెనుక కాస్తంత తప్ప చుట్టూ ఉన్నదంతా దానికి దాదాపు ఒకేసారి కనిపిస్తుంది. మనం న్యాయనిర్ణేత కూర్చున్న చోటు ఒక్కటే చూస్తుంటే, అది గాలికి కొట్టుకుంటున్న గుడారాన్నీ, పక్క మైదానంలో దౌడు తీస్తున్న గుర్రాన్నీ, వెనక నుంచి వస్తున్న కుక్కనూ కూడా చూస్తుంటుంది. ముందు పారిపోయి తర్వాత ఆలోచించే జంతువు అది. దానికి కావలసినది సమయం, పోటీ రోజున మనం ఇవ్వలేనిదీ అదే. డ్రెస్సేజ్‌లో గంట మోగాక లోపలికి రావడానికి సాధారణంగా 45 సెకన్లే ఉంటాయి.

ఊరికే తీసుకెళ్లిన రోజున గుడారం దగ్గర ఏం జరుగుతుందో గమనించండి. తల నిటారుగా లేస్తుంది, చెవులు రెండూ బిగుసుకుంటాయి, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, ఒక్క క్షణం ఊపిరి కూడా ఆగినట్టుంటుంది. లాగకుండా, అదిలించకుండా, పగ్గం వదులుగా పట్టుకుని పక్కన నిలబడితే చాలు. కొంతసేపటికి గట్టిగా ఒక బుస కొడుతుంది. మెడ అంగుళం అంగుళంగా దిగుతుంది. దవడ కదులుతుంది, నాలుక బయటికి వచ్చి పెదవి తడుపుతుంది. అప్పుడు ఒక అడుగు ముందుకు వేయించాలి. ఆ కొద్ది నిమిషాల్లో గుర్రం నేర్చుకున్నది, బెదిరిన గుర్రాన్ని మడమలతో పొడుస్తూ అదే గుడారం ముందు నుంచి తోలితే పది పోటీలకైనా రాదు. నాడి కూడా చూసుకోండి. ఎదిగిన గుర్రానికి విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ట్రెయిలర్ నుంచి దింపి గంట దాటినా, నీడలో కదలకుండా నిలబడి ఉన్నా నాడి అంతకు మించి పరుగెడుతుంటే, పైకి ఎంత బుద్ధిగా కనిపించినా లోపల అది ఇంకా కుదుటపడలేదు.

ప్రాక్టీసు రోజా, అసలు పోటీయా?

క్రాస్ కంట్రీ మైదానాన్ని ప్రాక్టీసుకు ఇచ్చే రోజుకూ పోటీ రోజుకూ పోలికే లేదు. ప్రాక్టీసులో అనుభవమున్న గుర్రాన్ని ముందు పోనిచ్చి దాని వెంట మనది పోనివ్వొచ్చు. పోటీలో అలా మరో గుర్రం వెంటపడి పోవడం కుదరదు. ప్రాక్టీసులో నీటి గుంట దగ్గర అరగంట నిలబడినా అడిగేవారు లేరు. పోటీలోనైతే మొరాయించిన మొదటిసారి 20 పెనాల్టీ పాయింట్లు, అదే అడ్డంకి దగ్గర రెండోసారికి 40, మూడోసారికి పోటీ నుంచి తొలగింపు. అంటే, గుర్రానికి ఒక కొత్త పాఠం అవసరమైన క్షణంలోనే పాఠం చెప్పే వీలు పోతుంది. పైగా చివరికి మనం వెనుదిరుగుతాం. మొరాయిస్తే పని తప్పుతుందన్న పాఠం మాత్రం దానికి అక్కడే అందుతుంది.

నీటి సంగతే తీసుకోండి. అడుగు కనిపించని నీటి లోతు గుర్రానికి తెలియదు. మబ్బుల నీడా, చెట్ల నీడా అందులో కదులుతుంటాయి. ప్రాక్టీసులో ముందు నడకతో ఒడ్డుకు తెస్తాం, వాసన చూడనిస్తాం, ముందుకాలితో నీళ్లు చిమ్మనిస్తాం, తర్వాత ముందున్న గుర్రం తోక పట్టుకున్నట్టు లోపలికి పోనిస్తాం. రెండోసారి నడకకూ దౌడుకూ మధ్య వేగమైన ట్రాట్‌తో, మూడోసారి ఒంటరిగా. కందకాలూ అంతే. ఎండలోంచి చెట్ల నీడలోకి దూకాల్సిన అడ్డంకిని మాత్రం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వెలుతురులోంచి చీకట్లోకి వచ్చినప్పుడు గుర్రం కళ్లు సర్దుకోవడానికి మన కళ్లకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అక్కడ ఆగిన గుర్రాన్ని పొగరుబోతు అంటే అన్యాయం. దానికి నేల కనిపించలేదు, అంతే. ప్రాక్టీసులో అలాంటి చోటు ఒకటి ఎంచుకుని, నెమ్మదిగా, సూటిగా పోనిచ్చి, అవతల ఏముందో తెలుసుకోనివ్వాలి.

ప్రాక్టీసుకూ పూర్తి పోటీకీ మధ్య మెట్టు కూడా ఉంది. డ్రెస్సేజ్, షో జంపింగ్ మాత్రమే ఉండే పోటీలు కొన్నిచోట్ల జరుగుతాయి. అక్కడ షో జంపింగ్‌లో కర్ర పడితే 4 పాయింట్లు పోతాయి, అంతకు మించి నష్టం లేదు. కదలని దుంగను తగిలితే అలా కాదు. అందుకే నా దృష్టిలో వరుస ఇది: ఊరికే చూపించడం, క్రాస్ కంట్రీ ప్రాక్టీసు, ఆ మధ్య మెట్టు పోటీ, ఆ తర్వాతే పూర్తి ఈవెంటింగ్. గుర్రం ధీమాగా ఉంటే ఒక మెట్టు దాటేయొచ్చు. దాటే మెట్టు మాత్రం క్రాస్ కంట్రీ ప్రాక్టీసు కాకూడదు.

రోజూ దూకే ఎత్తా, అంతకు తక్కువా?

ఎత్తు విషయంలో నాకు సందేహమే లేదు: రోజూ దూకే ఎత్తుకు కనీసం 20 సెంటీమీటర్లు తక్కువ. బ్రిటన్‌లో 80, 90, 100 సెంటీమీటర్ల తరగతులున్నాయి, మిగతా దేశాల్లోనూ అలాంటి మెట్లే. మీటరు దూకే గుర్రాన్ని 80లో దింపడం దానికి అవమానం కాదు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. మరీ చిన్న దుంగైతే గుర్రం లెక్క చేయక కాళ్లు ఈడ్చుకుంటూ పోతుందని, కదలని అడ్డంకికి కాలు తగిలితే ప్రమాదమని. నిజమే, అలాంటి సోమరి గుర్రాలూ ఉంటాయి. కానీ చిన్న అడ్డంకిలో ఒక గొప్ప సదుపాయముంది. గుర్రం చివరి అడుగులో సంశయించి దాదాపు ఆగిపోయినా, అక్కడి నుంచే గెంతి అవతల పడగలదు. ఎలాగో ఒకలా దాటింది కాబట్టి మొరాయించడం నేర్చుకోదు. మీటరు ఎత్తు దగ్గర అదే సంశయం వస్తే ఆగడం తప్ప దారి లేదు.

ఎత్తునే కొలమానం చేసుకుంటే మరో పొరపాటు జరుగుతుంది. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య ఎఫ్ఈఐ నిర్వహించే పోటీల్లో ఒక స్టార్ స్థాయికి క్రాస్ కంట్రీ అడ్డంకుల గట్టి భాగం ఎత్తు 105 సెంటీమీటర్ల దాకా, అత్యున్నతమైన ఐదు స్టార్ల స్థాయికి 120 దాకా. తేడా 15 సెంటీమీటర్లే! ఆ రెంటి మధ్య ఏళ్ల దూరమున్నది వెడల్పుల వల్ల, వాలుల వల్ల, వేగం వల్ల, ఒకదాని వెంట ఒకటిగా వచ్చే అడ్డంకుల వల్ల. కాబట్టి తరగతి ఎంచుకునేటప్పుడు, ఈ ఎత్తు దూకగలదా అని కాక, ఆ మైదానంలో నీరు ఉందా, కందకం ఉందా, దిగువకు దూకే చోటు ఉందా, వాటిలో మన గుర్రం ఏవి చూసింది అని అడగాలి.

వేగం మాట కూడా ఇక్కడే. ఎఫ్ఈఐ నియమాల ప్రకారం క్రాస్ కంట్రీలో నిర్ణీత సమయం దాటిన ప్రతి సెకనుకు 0.4 పాయింట్లు పోతాయి. నిమిషం ఆలస్యమైతే 24. అంకెల్లో చూస్తే అది ఒకసారి మొరాయించినదానికన్నా ఎక్కువే. గుర్రం మనసులో మాత్రం ఆలస్యానికి ఏ గుర్తూ మిగలదు, మొరాయింపుకు మిగులుతుంది. గడియారం గుర్రశాలలోనే వదిలి వెళ్లండి.

తోడు గుర్రం ఉండాలా?

రెండు వైపులా గట్టి కారణాలున్న చోటు ఇదే. మంద జంతువుకు తెలిసిన తోడు పక్కనుంటే ప్రయాణంలో చెమట పట్టదు, మేత ముడుతుంది, నీళ్లు తాగుతుంది. తీరా ఆ తోడు తన పోటీకి వెళ్లిపోగానే మనది సకిలిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, తాడు తెంచుకోబోతుంది. ఆ అరుపు డ్రెస్సేజ్ మైదానం దాకా సాగితే మార్కుల మాటే మరిచిపోవచ్చు. ఒంటరిగా తీసుకెళ్తే ఆ బెడద ఉండదు. అయితే ధైర్యమంతా రౌతు మీదే ఆనుతుంది.

నేను ఎంచుకునేది ఇలా: ప్రయాణానికి తోడు ఉండాలి, ఆ తోడు వయసు మళ్లిన నెమ్మదైన గుర్రమై ఉండాలి, దానికి ఆ రోజు ఏ పోటీ ఉండకూడదు. ట్రెయిలర్ దగ్గర అది గడ్డి తింటూ నిలబడి ఉంటుంది, మనది వెళ్లి వస్తుంది. రెంటినీ విడదీసే అలవాటు వారాల ముందే గుర్రశాలలో చేయాలి. రెండు కొత్త గుర్రాలను ఒకదానికొకటి తోడుగా తీసుకెళ్లడం అన్నిటికన్నా చెడ్డది. ఒకదాని బెదురు రెండోదానికి అంటుకుంటుంది.

ముందు రోజు వెళ్లాలా, అదే పొద్దున వెళ్లాలా అన్నది దూరాన్ని బట్టి. రెండు మూడు గంటల ప్రయాణమైతే అదే పొద్దున, కాస్త పెందలాడే. అంతకు మించితే ముందు రోజే. దూర ప్రయాణంలో తలను పైకి బిగించి కట్టి ఉంచితే శ్వాసనాళాల్లోని కఫం దిగక ఊపిరితిత్తుల జబ్బు పట్టుకునే ప్రమాదముంది. మధ్యమధ్య ఆపి తల కిందికి దించుకోనివ్వాలి. కొత్త చోటి నీళ్లు ముట్టని గుర్రాలు ఉంటాయి కాబట్టి అలవాటైన నీళ్లు డబ్బాల్లో పట్టుకెళ్లాలి. కొత్త కళ్లెం, కొత్త జీను ఆ రోజు వద్దే వద్దు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని సామెత. మొదటి పోటీలో అది అక్షరాలా నిజం. కానీ గట్టి రౌతు అంటే పేరున్న రౌతు అని కాదు. గుర్రాన్ని నెలల తరబడి ఎక్కుతున్న మామూలు రౌతా, పోటీ రోజున మాత్రమే ఎక్కే ఆరితేరిన రౌతా అంటే, నాకు మొదటివారే మేలు. గుర్రమూ రౌతూ ఇద్దరూ కొత్తవాళ్లయితే మాత్రం, అనుభవమున్నవారిని నెల ముందు నుంచే ఎక్కించి, మొదటి పోటీ వారికే అప్పగించడం మంచిది.

వార్మప్ ఎంతసేపు అన్న దాంట్లో తెలివైనవాళ్లు కూడా దారి తప్పుతారు. గుర్రం బెదురుతోందని గంటసేపు తిప్పి అలసిపోయేలా చేస్తారు. అది శాంతించినట్టు కనిపిస్తుంది కానీ, క్రాస్ కంట్రీకి కావలసిన బలం అక్కడే ఖర్చవుతుంది. నిజానికి కొత్త గుర్రానికి ఆ రోజంతటిలో కష్టమైన చోటు వార్మప్ మైదానమే. ఎదురుగా గుర్రాలు దూసుకొస్తుంటాయి, ఎడమ చేయి ఎడమ చేతి వైపు ఉండేలా ఒకరినొకరు దాటుకోవాలి, ప్రాక్టీసు అడ్డంకికి ఎర్ర జెండా కుడివైపు, తెల్ల జెండా ఎడమవైపు ఉండేలా ఒకే దిశలో దూకాలి. అక్కడ గంట గడిపేకన్నా, ఖాళీగా ఉన్న మూల ఎక్కువసేపు నడిపించి, జనం తక్కువైనప్పుడు మధ్యలోకి పోనిచ్చి, రెండు మూడు మంచి దూకులతో ఆపడం మేలు.

మధ్యలో ఆపేయాలా, ఎలాగైనా పూర్తి చేయాలా?

నీటి గుంట దగ్గర రెండుసార్లు మొరాయించింది. మూడోసారి ప్రయత్నించాలా? గుర్రం నీటి వైపు చూస్తూ, చెవులు ముందుకు పెట్టి, కాళ్లు కదిలిస్తూ ఉంటే అది ఆలోచిస్తోందన్న మాట. ఒక్కసారి స్థిరంగా అడగవచ్చు. తల పక్కకు తిప్పేసి, వెనక్కి నడుస్తూ, తోక విసురుతూ ఉంటే చెయ్యెత్తి విరమించుకోవాలి. పోటీ నుంచి తప్పుకునే హక్కు రౌతుకు ఎప్పుడూ ఉంటుంది. ప్రవేశ రుసుము పోతుంది, పోనివ్వండి. వచ్చే వారం తోడు గుర్రాన్ని ముందు పెట్టుకుని ఏదైనా ప్రాక్టీసు మైదానంలో నీళ్లలోకి దింపితే ఆ మచ్చ పోతుంది. కొరడాతో దాటిస్తే, నీళ్లంటే కొరడా అని గుర్తుపెట్టుకుంటుంది.

అన్నీ చక్కగా జరిగి, గుర్రం ముగింపు గీత దాటి ఇంకా పరుగెడతానన్నట్టు పగ్గాలు లాగితే, అసలు ప్రలోభం అప్పుడు మొదలవుతుంది: వచ్చేసారి పై తరగతికి పోదామని. రెండో పోటీ కూడా అదే తరగతిలో, రెండు మూడు వారాల్లోపే, వేరే మైదానంలో ఉండాలి. మూడోది కూడా అదే తరగతైతే ఇంకా మంచిది.