పాత ఇంటిని మార్చడమా, కొత్తది కట్టడమా, వసతి గృహమా: వైకల్యం ఉన్నవారికి ఏది మేలు?

వైకల్యం ఉన్న మనిషికి ఇల్లు అనగానే అందరూ ర్యాంపు గురించే మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. రోజుకు ఎన్ని గంటలు ఇంకొకరి సాయం కావాలి? రాత్రిపూట కూడా కావాలా? గోడలు, తలుపులు, కుళాయిలు ఎలా ఉండాలన్నది ఆ తరువాతి మాట. పగలు రెండు గంటల సాయం చాలేవారికీ, రాత్రి మూడుసార్లు పక్కకు తిప్పాల్సిన వారికీ ఒకే సలహా పనికిరాదు.

ఉన్న ఇంటిని మార్చుకోవడం

అలవాటైన వీధిని, తెలిసిన మనుషుల్ని వదులుకోనక్కర లేకపోవడం దీనిలో పెద్ద లాభం. కష్టమంతా కొలతల్లో ఉంటుంది. ర్యాంపుకు వాలు 1:12 మించకూడదు. అంటే వాకిట్లో రెండు మెట్లు కలిపి 300 మి.మీ. ఎత్తుంటే 3.6 మీటర్ల ర్యాంపు కావాలి. పైన తలుపు ముందు, కింద దిగేచోట 1.5 మీటర్ల చొప్పున చదును స్థలం వదలాలి కాబట్టి మొత్తం 6.6 మీటర్లు. అంత జాగా లేదని వాలును 1:6కు కుదిస్తే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి ఒరుగుతుంది, దిగేటప్పుడు తోసేవారి చేతులు ఆపలేవు. జాగా చాలకపోతే ర్యాంపును మధ్యలో చదును వదిలి మలుపు తిప్పండి, లేదా కుర్చీతో సహా మనిషిని పైకెత్తే చిన్న ప్లాట్‌ఫాం లిఫ్ట్ పెట్టండి. వాలును మాత్రం పెంచకండి.

తలుపు దగ్గర తరచూ జరిగే పొరపాటు ద్వారబంధాన్ని కొలిచి సరిపెట్టుకోవడం. కొలవాల్సింది తలుపును 90 డిగ్రీలు తెరిచాక మిగిలే ఖాళీని. 900 మి.మీ. ద్వారబంధంలో ఫ్రేము మందం, తలుపు మందం పోగా మిగిలేది దాదాపు 800. చక్రాల కుర్చీకి కనీసం 815 కావాలి, 900 ఉంటే చేతివేళ్ల కణుపులు గోడకు గీసుకోవు. గోడ పగలగొట్టే ముందు బందులు మార్చి చూడండి. తలుపును పూర్తిగా పక్కకు జరిపే రకం బందులు వేస్తే తలుపు మందమంత వెడల్పు, అంటే 35 నుంచి 40 మి.మీ., కలిసొస్తుంది. చాలా ఇళ్లలో అదే సరిపోతుంది.

అసలు పని స్నానాల గదిలోనే. కుర్చీ తిరగడానికి 1500 మి.మీ. వ్యాసమున్న ఖాళీ కావాలి. గది చిన్నదైతే తలుపు బయటికి తెరుచుకునేలా మార్చడం మొదటి పని. లోపల ఎవరైనా పడిపోయినా తలుపు తీయగలగాలంటే కూడా అదే మార్గం. కమోడ్ సీటు ఎత్తు 430 నుంచి 480 మి.మీ. మధ్య, ఆ మనిషి కుర్చీ సీటుతో సమానంగా ఉండాలి. కమోడ్‌కు ఏ పక్క ఖాళీ వదలాలో ప్లంబర్‌ను కాదు, వాడేవారినే అడగండి. కుర్చీలోంచి కుడివైపుకు జరిగే మనిషికి, కమోడ్ మీద కూర్చున్నప్పుడు కుడివైపున ఉండేలా వదిలిన జాగా వ్యర్థం.

పట్టుకునే కడ్డీలు ఊడిపోవడానికి కారణం కడ్డీ కాదు, దాని వెనక గోడ. టైలుకో, బోలు బ్లాకుకో ప్లాస్టిక్ ప్లగ్గుతో బిగిస్తే మొదటిసారి బరువు వేసినప్పుడే వచ్చేస్తుంది. కడ్డీ కనీసం 113 కిలోల లాగుడు తట్టుకోవాలి. గట్టి ఇటుక గోడకైతే కెమికల్ యాంకర్ (రసాయన జిగురుతో గోడలో బిగిసే బోల్టు), పలుచని గోడకైతే వెనక ప్లైవుడ్ పలక వేసి బోల్టులు బిగించాలి. స్నానం చేసేచోట గట్టు ఉండకూడదు, జాలి వైపు వాలు 1:50 చాలు. అంతకంటే ఎక్కువైతే స్నానపు కుర్చీ జారుతుంది, మరీ తక్కువైతే నీరు నిలుస్తుంది. పాత స్లాబు కింద పైపుకు లోతు లేకపోతే ఈ పని ఆగిపోయేది ఇక్కడే. అందుకే ఒప్పందానికి ముందే డ్రైన్ లోతు కొలిపించాలి.

ముందుచూపుతో కొత్తగా కట్టడం

అవకాశం ఉన్నవారికి ఇది మేలు. ఖర్చు పెద్దగా పెరగదు, ఎందుకంటే చాలా పనులు నక్షా మీదే అయిపోతాయి. వైకల్య హక్కుల కార్యకర్త ఎలినార్ స్మిత్ 1987లో అమెరికాలోని అట్లాంటాలో మొదలుపెట్టిన ఉద్యమం ప్రతి కొత్త ఇంటికీ మూడే మూడు అడిగింది: మెట్టు లేని ఒక ప్రవేశం, సరిపడా వెడల్పున్న తలుపులు, కింది అంతస్తులో కుర్చీతో వెళ్లగల మరుగుదొడ్డి. ఆ మూడూ ఉంటే మిగతావి తరువాతైనా చేర్చుకోవచ్చు.

వాటిపైన ఇంకొన్ని. మెట్లకు బదులు వాకిలి నేలనే 1:20 వాలుగా తీసుకొస్తే ర్యాంపు అవసరమే రాదు. స్నానాల గది గోడల్లో కడ్డీలకు బలం ముందే దాచండి. మంచం నుంచి స్నానాల గదిదాకా పైకప్పులో హాయిస్టు (మనిషిని ఎత్తి జరిపే యంత్రం) పట్టాకు ఆధారం వదలండి. రెండంతస్తులైతే ఒకదానిపై ఒకటి వచ్చేలా అల్మరాలు కట్టి, రేపు అక్కడ స్లాబు తీసి లిఫ్ట్ పెట్టే వీలు చూడండి. నిప్పంటుకుంటే లిఫ్ట్ వాడకూడదు కాబట్టి పడకగది కింది అంతస్తులోనే ఉండాలి.

చెడేది చివరి వారంలో. టైలు మందం లెక్కలోకి రాక గుమ్మం దగ్గర 20, 30 మి.మీ. మెట్టు లేస్తుంది. 13 మించకూడదు, అదీ అంచు చెక్కి ఉండాలి. గది లోపల, బయట రెండువైపులా పరుపు కాంక్రీటు, టైలు కలిపిన మట్టం ముందే రాసి మేస్త్రీ చేతికివ్వండి.

చూపు తక్కువవారికి మెట్ల అంచున వేరే రంగు పట్టీ, వినికిడి లేనివారికి వెలిగే కాలింగ్ బెల్, శబ్దాన్ని భరించలేనివారికి మందపాటి తలుపు కావాలి. వైకల్యమంటే చక్రాల కుర్చీ ఒక్కటే కాదు.

వసతి గృహం

రాత్రింబవళ్లూ మనిషి ఉంటాడన్న ధీమా కుటుంబాలను ఇటు లాగుతుంది. రాత్రి పక్కన ఎవరూ ఉండరేమోనన్న వారి భయం నిజమైనదే, తీసిపారేయకూడదు. కానీ వైకల్యం ఉన్నవారి హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 19వ అధికరణం ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు వారిదే అంటుంది. ఆ ఒడంబడిక అమలును చూసే కమిటీ 2017లో ఇంకో మాట తేల్చింది: వందమంది ఉన్న సంస్థైనా, ఐదు నుంచి ఎనిమిది మంది ఉన్న ఇల్లైనా, నిర్ణయాలు ఇతరుల చేతిలో ఉంటే రెండూ ఒకటే. కాబట్టి గది అందం చూడటం కాదు, అడగండి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? తలుపు లోపల గడియ వేసుకోవచ్చా? తిండి వేళ ఎవరు చెబుతారు? చుట్టాలు ఎప్పుడైనా రావచ్చా? రాత్రి ఒక్క మనిషి ఎంతమందిని చూస్తాడు? జవాబు తడబడితే అక్కడ చేర్చవద్దు.

సొంత గూడు, వేరేగా సాయం

వైకల్య హక్కుల కార్యకర్త ఎడ్ రాబర్ట్స్, ఆయన తోటివారు 1972లో అమెరికాలోని బర్కిలీలో స్థాపించిన స్వతంత్ర జీవన కేంద్రం ఈ దారి చూపింది. 1994లో అమల్లోకి వచ్చిన స్వీడన్ చట్టం వ్యక్తిగత సహాయకుణ్ణి హక్కుగా ఇచ్చింది. ఇందులోని కీలకం ఇల్లు ఒకరి చేతిలో, సాయం ఇంకొకరి చేతిలో ఉండటం. సహాయకుడు సరిగా చూడకపోతే అతణ్ణి మార్చవచ్చు, ఇల్లు పోదు. రెండూ ఒకరివే అయితే ఫిర్యాదు చేసినవాడికి పైకప్పు పోతుందన్న భయం నోరు నొక్కేస్తుంది.

ఇది ఎక్కువగా తప్పేది సహాయకుడు రాని రోజున. ఇద్దరికి ముందే పని నేర్పి ఉంచాలి. మూత్రపు గొట్టం, మందులు, ఎత్తే విధానం కాగితం మీద రాసి గోడకు అంటించాలి. రాత్రి సాయానికి మంచి ఏర్పాటు ఒకే భవనంలో నాలుగైదు ఫ్లాట్లు, వాటికి కలిపి ఒక రాత్రి సహాయకుడు. ఎవరి తలుపు వారిదే, గంట నొక్కితే మనిషి వస్తాడు. మున్ముందు కట్టాల్సినవి ఇలాంటివేనని మా గట్టి అభిప్రాయం.

కాళ్లు మాత్రమే ఇబ్బంది పెడుతూ, పగలు కొద్ది సాయం చాలితే పాత ఇంటిని మార్చుకోండి. వ్యాధి ముదిరేదైతే, లేదా పిల్లవాడింకా ఎదుగుతుంటే కొత్తగా కట్టుకోవడమే నయం, ఎందుకంటే రెండేళ్లకోసారి గోడలు పగలగొట్టలేరు. రాత్రి సాయం తప్పనివారు ఫ్లాట్ల ఏర్పాటు వెతకండి. అది దొరకని చోట మాత్రమే, పై ప్రశ్నలకు నేరుగా జవాబిచ్చే చిన్న వసతి గృహం.

ఏది ఎంచినా సంతకం పెట్టేముందు సుద్దముక్కతో నేల మీద 1500 మి.మీ. గుండ్రం గీసి కుర్చీ తిప్పి చూడండి. తరువాత వారం రోజులు అక్కడే ఉండనిచ్చి, రాత్రి రెండు గంటలకు గంట నొక్కితే ఎన్ని నిమిషాలకు మనిషి వచ్చాడో రాసుకోండి.