థెరపీకి డబ్బు కట్టే ముందు థెరపిస్ట్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి జరిగింది ఇక్కడ రాస్తున్నాను. వాడు సరేనన్నాకే రాస్తున్నాను. ఆ థెరపిస్ట్ పేరు చెప్పను. ఆవిడ ఒక రాజకీయ నాయకుడి భార్య అని మాత్రం చెప్పక తప్పదు. మేము బోల్తా పడింది సరిగ్గా అక్కడే.

తమ్ముడికి రెండేళ్లుగా పానిక్ అటాక్స్ వస్తున్నాయి. సైకియాట్రిస్ట్ ఇచ్చిన మందులతో కాస్త కుదుటపడ్డాడు. మందులతో పాటు థెరపీ కూడా ఉంటే మంచిదని ఆయనే అన్నారు. తెలిసినవాళ్లు ఈవిడ దగ్గరికి పంపారు. పేరుకు ముందు డాక్టర్ అని ఉంది. వెయిటింగ్ రూమ్ గోడ నిండా సభల్లో, సన్మానాల్లో భర్త పక్కన నిలబడ్డ ఫొటోలు. వాటి మధ్య ఫ్రేము కట్టించిన పీహెచ్‌డీ పట్టా. దగ్గరికి వెళ్లి అది ఏ యూనివర్సిటీదో చదవాలని కూడా నాకు తోచలేదు. అంతమంది కళ్లు వాళ్ల మీదే ఉంటాయి, లేని చదువు చెప్పుకుంటే ఈపాటికి ఎవరో ఒకరు బయటపెట్టేవాళ్లు కదా అనుకున్నాను. అదే నా పొరపాటు. ఎదుటి పార్టీవాళ్లు నాయకుడి ఆస్తులు తవ్వుతారు, కేసులు తవ్వుతారు. ఆయన భార్య క్లినిక్ గోడ మీద వేలాడే పట్టాను ఎవరు తవ్వుతారు?

పన్నెండు సెషన్లకు డబ్బంతా ముందే కట్టించుకున్నారు. మూడో సెషన్‌లో ఆవిడ, ఈ మందులకు అలవాటు పడితే జీవితాంతం వదలవు, ఆపేసెయ్ అని వాడికి చెప్పారట. వాడు మాకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపేశాడు. నాలుగు రోజులకి తల తిరగడం మొదలైంది. నిద్ర లేదు. తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉందన్నాడు. ఆ రాత్రి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నాకు పిచ్చెక్కుతోందా?" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. డిప్రెషన్‌కీ, ఆందోళనకీ వాడే ఆ రకం మందులు ఉన్నట్టుండి మానేస్తే ఇలాగే అవుతుందనీ, డాక్టర్ చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించాలనీ మర్నాడు సైకియాట్రిస్ట్ చెప్పారు. మందు రాసే అర్హత లేనివాళ్లకు దాన్ని ఆపించే అధికారం కూడా ఉండదని నాకు అప్పుడే అర్థమైంది.

అప్పుడు క్లినిక్‌కి ఫోన్ చేసి మేడమ్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగాను. "మేడమ్ ఎవరో మీకు తెలుసా?" అన్నాడు అసిస్టెంట్. తెలుసు, అందుకే అడుగుతున్నాను అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ వెళ్లి ఆ పట్టాను ఫొటో తీసుకున్నాను. వినగానే ఏదో పేరున్న యూనివర్సిటీ అనిపించేలా ఒక్క మాట తేడాతో ఉన్న పేరది. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ జీవితానుభవాన్ని బట్టి డాక్టరేట్ ఇస్తాం అని రాసి ఉంది. గుర్తింపు ఉన్న సంస్థల జాబితాలో దాని పేరు లేదు. థెరపిస్టుల రిజిస్టర్‌లో ఈవిడ పేరూ లేదు. ఆవిడ అసలేమీ చదువుకోలేదని నేను అనడం లేదు. నేను వెతికిన చోట్ల లేదు, అడిగితే చూపించలేదు. నాకు తెలిసింది అంతవరకే.

ఇంకో సంగతి. యూనివర్సిటీ అసలుదే అయినా సరిపోదు. పీహెచ్‌డీ ఏ సబ్జెక్టులోనైనా ఉండొచ్చు. గౌరవ డాక్టరేట్ కూడా ఉండొచ్చు, దానికి ఒక్క పేషెంట్‌ను కూడా చూసి ఉండక్కర్లేదు. చికిత్స చేసేవాళ్లు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పేషెంట్లను చూస్తూ నేర్చుకుని ఉండాలి. ఆ శిక్షణకు లైసెన్సే రుజువు, పేరు ముందు డాక్టర్ అన్న మాట కాదు.

ఇక సర్టిఫికెట్ల సంగతి. అమెరికాలో స్టీవ్ ఐకెల్ అనే సైకాలజిస్ట్ తన పెంపుడు పిల్లి పేరు మీద దరఖాస్తు పెట్టి హిప్నోథెరపీ, అంటే హిప్నాటిజంతో చేసే చికిత్స, సర్టిఫికెట్లు తెప్పించారు. 2009లో బ్రిటన్‌లో బీబీసీకి చెందిన క్రిస్ జాక్సన్ కూడా జార్జ్ అనే తన పిల్లిని థెరపిస్టులను చేర్చుకునే మూడు సంస్థల్లో నమోదు చేయించారు. దరఖాస్తు పెట్టింది మనిషో కాదో కూడా ఆ సంస్థలు చూడలేదు. అలాంటి కాగితాన్ని నమ్మి మనం మన పిల్లల్ని, తోబుట్టువుల్ని ఆ కుర్చీలో కూర్చోబెడుతున్నాం. నాకు కడుపు మండేది ఇక్కడే.

మీరు ఏ దేశంలో ఉన్నా ఇది చూసుకోవచ్చు. బ్రిటన్‌లో సైకోథెరపిస్ట్, కౌన్సెలర్ అన్న పేర్లకు చట్టం కాపలా లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అని పెట్టుకోవాలంటే మాత్రం హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థ రిజిస్టర్‌లో పేరుండాలి. భారత్‌లో 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ క్లినికల్ సైకాలజిస్టులకు రిజిస్ట్రేషన్ ఇస్తూ వచ్చింది. యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా ప్రకటిస్తుంది. అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్సింగ్ బోర్డు ఉంటుంది, పేరు కొట్టి చూస్తే లైసెన్సు, చాలాచోట్ల దాని మీద చర్యలు కూడా కనిపిస్తాయి. పది నిమిషాల పని. నేను ఆ పది నిమిషాలు పెట్టలేదు.

అడగడానికి మొహమాటపడకండి. సరైన అర్హత ఉన్న థెరపిస్ట్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. ఇప్పుడు తమ్ముడు వెళ్తున్న ఆవిడ మేము అడగకముందే తన నంబర్ చెప్పి, రిజిస్టర్‌లో చూసుకోమన్నారు. మందుల ప్రసక్తి వస్తే సైకియాట్రిస్ట్‌ను అడగమంటారు. ప్యాకేజీ లేదు, ఏ సెషన్‌కి ఆ సెషన్ డబ్బే.

అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. తమ్ముడు ఆ గదిలో ఆఫీసు గొడవలు, ఇంటి విషయాలు, తన పెళ్లి ఎందుకు ఆగిందో అన్నీ చెప్పుకున్నాడు. లైసెన్సు ఉన్నవాళ్లు గోప్యత తప్పితే ఫిర్యాదు చెయ్యడానికి బోర్డు ఉంటుంది, లైసెన్సు పోతుందన్న భయం వాళ్లకూ ఉంటుంది. లైసెన్సే లేనివాళ్ల మీద ఏ బోర్డుకు చెప్పుకోవాలి? పైగా ఆ ఇంటికి రోజూ వచ్చిపోయేవాళ్లు రాజకీయాల్లో ఉన్నవాళ్లు. ఒకరి బలహీనత తెలిస్తే పనికొస్తుంది అనుకునేవాళ్లు. ఆవిడ ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు. కానీ చెప్పలేదని నమ్మడానికి మా చేతిలో ఏ ఆధారమూ లేదు. ఆయన ఏ పార్టీ అన్నది నాకు అనవసరం, దయచేసి ఇక్కడ ఎవరూ ఊహించి పేర్లు రాయకండి. అది ఇంకెవరికైనా తగులుతుంది.

మిగిలిన తొమ్మిది సెషన్ల డబ్బు వెనక్కి ఇవ్వమనీ, తమ్ముడి గురించి రాసుకున్న నోట్స్ కాపీ ఇవ్వమనీ రాతపూర్వకంగా అడిగాం. రసీదులు, మెసేజ్‌లు, పట్టా ఫొటో అన్నీ ఒకచోట పెట్టాను. ఉత్తరం అందినట్టు సంతకం కూడా వచ్చింది. ఇవాళ్టికి ముప్పై ఆరు రోజులు. జవాబు రాలేదు.