నాలుగేళ్ల హైఫూ వాడకం: స్క్రీన్ మీది షాట్ల లెక్కతో నా పేచీ

హైఫూ అంటే అల్ట్రాసౌండ్‌ని చర్మం కింద ఒక చోట గురిపెట్టి వేడి పుట్టించి, జారిన ముఖాన్ని బిగించడం. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ దాంతో ఎలా పుడుతుంది లాంటివి ఏ బ్రోషర్లోనైనా ఉంటాయి, వదిలేద్దాం. నా పేచీ అంతా 4.5 మిల్లీమీటర్ల లోతుకి కొట్టే కార్ట్రిడ్జితోనే, అంటే మెషీన్ పిడికి తగిలించి చర్మానికి ఆనించే ముక్కతో. డబ్బా మీద 10,000 షాట్లని రాస్తారు. స్క్రీనేమో ఇంకా ఆరు వేలు మిగిలాయంటుంది. లోపల బలం మాత్రం ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. ట్రిగ్గర్ ఎన్నిసార్లు నొక్కారో మెషీన్ లెక్కపెడుతుందే తప్ప, చర్మం కింద వేడి పుట్టిందో లేదో దానికి తెలీదు.

దీన్ని పట్టుకోవడానికి పది మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దంలాంటి యాక్రిలిక్ ముక్క చాలు. నేమ్ బోర్డులు చేసే షాపులో అడిగితే మిగులు ముక్కలు ఇస్తారు. దాని మీద పల్చగా జెల్ రాసి, కార్ట్రిడ్జిని సమంగా ఆనించి ఒక గీత కొట్టండి. ముక్కని పక్కనుంచి వెలుతురుకి పట్టి చూస్తే లోపల తెల్లటి చుక్కలు ముగ్గు చుక్కల్లా వరసగా కనిపిస్తాయి. గీత పొడవు 25 మిల్లీమీటర్లు, చుక్కకీ చుక్కకీ ఎడం 1.5 పెడితే పదిహేడు చుక్కల దాకా రావాలి, అన్నీ ఒకే సైజులో. మధ్యలో మూడు నాలుగు ఎగిరిపోతే లోపలి నీళ్లలో బుడగ చేరినట్టు. అన్నీ మసగ్గా ఉంటే అల్ట్రాసౌండ్ పుట్టించే క్రిస్టల్ పని అయిపోయినట్టు. ఒక చివర గుంపుగా పడితే మాత్రం ఆ కార్ట్రిడ్జిని మళ్లీ ముఖం దగ్గరికి తేవొద్దు. లోపలి మోటారు ఇరుక్కుపోయింది, ఒకే చోట పదిసార్లు కాలుతుంది. ఇంకో మాట. యాక్రిలిక్‌లో ధ్వని వేగం ఒంట్లో కన్నా బాగా ఎక్కువ, అందుకని స్కేలు పెట్టి లోతు కొలిచి 4.5 రాలేదని కంగారు పడొద్దు. వరస బాగుందా లేదా అన్నదే చూడాలి.

మా దగ్గర ఒక కార్ట్రిడ్జి 3,800 షాట్లకే చెడింది. చర్మానికి ఆనే పల్చటి పొర అంచున సన్నగా నీళ్ల లీకు, జెల్‌లో కలిసిపోవడంతో ఎవరికీ కనబడలేదు. అమ్మినవాళ్లని అడిగితే పక్కనున్న స్క్రూ విప్పి సిరంజితో నీళ్లు ఎక్కించుకోమన్నారు. ఎక్కించాం. మామూలు నీళ్లలో కరిగిన గాలి ఉంటుంది. నాలుగు రోజులకి మళ్లీ బుడగ కట్టింది. ఈలోపు చేయించుకున్నవాళ్లలో ఒకరికి మూడు నెలల తర్వాత ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమ దవడ ఎత్తుకుంది, కుడిది ఉన్నచోటే ఉంది. ఆ పక్క మళ్లీ ఉచితంగా చేసిచ్చాం. అప్పట్నుంచి ప్రతి ముఖానికీ ముందు యాక్రిలిక్ మీద ఒక గీత, తర్వాతే చర్మం మీద.

కార్ట్రిడ్జి బాగున్నా చెయ్యి తప్పు చేస్తుంది. జెల్ రెండు మిల్లీమీటర్ల మందాన ఉంటే 4.5 కాస్తా చర్మంలో 2.5 అవుతుంది. దవడ వంపు దగ్గర ఒక కొన లేచినా వేడి పైపైనే ఆగి, బెత్తంతో కొట్టినట్టు గీతలు తేలతాయి. పళ్లు బిగించమంటే దవడ కండరం ఉబ్బుతుంది కదా, దాని ముందంచున ఎముక మీద నాడి కొట్టుకుంటూ తగులుతుంది. కింది పెదవిని లాగే నరం పోయేదీ ఆ చుట్టుపక్కలే. అక్కడ 4.5 వాడం. దానికి దెబ్బ తగిలితే నవ్వు కొన్ని వారాల పాటు వంకరపోతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఎవరికి హైఫూ, ఎవరికి ఆర్ఎఫ్ (రేడియో తరంగాల కరెంటుతో చర్మాన్ని వేడిచేసేది) అన్నది పడుకోబెట్టి అద్దం ఇస్తే చాలావరకు తేలిపోతుంది. పడుకోగానే దవడ గీత చక్కబడితే జారింది లోపలి స్మాస్ పొర, అంటే ముఖ కండరాలని కప్పి పట్టి ఉంచేది, హైఫూకి పని ఉంది. పడుకున్నా చర్మం పల్చటి కాగితంలా ముడతలుగానే ఉంటే ఆర్ఎఫ్ వైపు వెళ్లాలి. థర్మాజ్ లాంటి, పైనుంచి వేడిచేసే మోనోపోలార్ కావచ్చు, సన్నటి సూదులతో లోపలికి వేడి పంపే మైక్రోనీడ్లింగ్ ఆర్ఎఫ్ కావచ్చు. పేస్‌మేకర్ ఉంటే ఆర్ఎఫ్ మాటే ఎత్తొద్దు. రెండూ కలిపితే లోతుది ముందు, పైది తర్వాత. మేం హైఫూ చేశాక నీడ్లింగ్‌కి ఆరు వారాలు ఆగుతాం. ముఖం నింపే ఫిల్లర్ ఇంజెక్షన్ ఉంటే అది అన్నిటికన్నా చివర. చర్మం కింద కరిగిపోయే పీడీఓ దారాలు వేయించుకున్నవాళ్లని అవి కరిగేదాకా, అంటే దాదాపు ఆరు నెలలు, ఆగమంటాం. ఆర్ఎఫ్ నీడ్లింగ్‌ని మరీ తేలిగ్గా కూడా తీసుకోవద్దు. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరగడం, నరాలు దెబ్బతినడం లాంటివి వస్తున్నాయని అమెరికా ఎఫ్‌డీఏ 2025 అక్టోబర్‌లో హెచ్చరించింది.

మొదటి ఏడాది 4.5, 3, 1.5 మూడు లోతులూ అందరికీ బాగుంటాయని చెప్పేవాణ్ని. ఇప్పుడు అలా చెప్పను. బుగ్గలు ఇప్పటికే లోపలికి పోయినవాళ్లకి 4.5 ఉన్న కాస్త కొవ్వునీ తగ్గించి ముఖం పీక్కుపోయినట్టు చేయగలదు. వాళ్లకి బుగ్గల మీద 3, 1.5తోనే సరిపెడతాం. మన రంగు చర్మానికి మచ్చల భయం తక్కువన్న మాట మాత్రం నిలబడింది, ఎందుకంటే అల్ట్రాసౌండ్‌కి మెలనిన్‌తో పని లేదు. అయితే అది వేడి లోతుకి దిగినప్పుడే. పైన గీతలు తేలితే మన రంగులోనూ మచ్చ పడుతుంది.

మళ్లీ ఇదే మెషీన్ కొంటానా? మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా నలభై దాటినవాళ్లు, నెలకి ఆరేడుగురు. ఆ లెక్కకి ఇది గిట్టుబాటే. రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చే చోటైతే తెర మీద పొరలు చూపిస్తూ కొట్టే అల్థెరా వైపే నా మొగ్గు. మాది గుడ్డిగా కొడుతుంది. ముహూర్తం రెండు వారాల్లో పెట్టుకుని వచ్చేవాళ్లకి హైఫూ, ఆర్ఎఫ్‌లలో ఏదీ చెయ్యం, ముఖం ఎత్తుకోవడం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. చేయించుకునేవాళ్లు ఆ రోజు కొట్టిన యాక్రిలిక్ ముక్క చూపించమని అడగొచ్చు. చూపించడానికి అర నిమిషం కూడా పట్టదు.